మోకాలి సాక్ష్యం

మదనపల్లె
20 మార్చి 1944

అక్క సారాకు విక్టోరియా వందనాలు.

ఆసుపత్రి నుంచి ఇల్లు చేరానని నువ్వు వేసిన కార్డు అందింది. బొగ్గుతో నడిచే బస్సు మిట్ట ఎక్కలేక ఆగిపోతే అందరూ దిగి తోశారనీ, నువ్వొక్కదానివే కాలు చాపుకుని జమీందారిణిలా లోపల కూర్చున్నావనీ చదివి కడుపుబ్బ నవ్వుకున్నాను. జమీందార్ల ఊరు పుంగనూరులో పుట్టినందుకు ఆ భోగం ఒక్కసారైనా నీకు దక్కింది.

ఇక నవ్వులు చాలు. ఇప్పుడు రాస్తున్నది చెల్లెలు కాదు, నర్సు. జనవరిలో నువ్వు బండి దిగబోయి పడినప్పుడు పగిలిన మోకాటి చిప్ప బాగానే అతుక్కుంది. కానీ రెండు నెలలు ప్లాస్టరు కట్టులో ఉండి కీలు బిగుసుకుపోయింది. ఈ నాలుగైదు నెలల్లో వంచుకుంటే వంగుతుంది, లేదంటే జన్మంతా కర్రలా అట్లాగే ఉండిపోతుందని పెద్ద డాక్టరమ్మ చెప్పింది నువ్వూ విన్నావు. రోజూ మూడు పూటలు వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టుకో. నున్నటి పలక మీద కాలు చాపి మడమను నీ వైపుకు లాక్కో. ఎక్కడ ఆగిపోతే అక్కడ సుద్దముక్కతో గీత గీయి. మరునాడు ఆ గీత దాటాలి. ఒక్క వేలి వెడల్పు దాటినా చాలు. ఏడుపొస్తే ఏడువు, ఎవరూ ఏమీ అనుకోరు. ఏడవకుండా వంగిన మోకాలిని నేనింతవరకు చూడలేదు.

నువ్వు ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మవు. పల్లెల్లో ఆడవాళ్ళు రాగులు చెరుగుతున్న చోటికి పోయి, వాళ్ళ పక్కన నేల మీద కూర్చుంటేనే నీ మాట వింటారు. కుర్చీ వేయించుకుని చెప్పే మాట ఎవరికి కావాలి? అందుకే ఇంతగా పోరుతున్నాను.

ఇక్కడ మగవాళ్ళ వార్డులో గోవిందప్ప అని ఒకాయన ఉన్నాడు. కుప్పం దగ్గర గుడుపల్లె రైతు. ఎద్దులతో కపిల తోలి బావి నీళ్ళు తోడుతుంటే మోకు తెగి పడ్డాడు. ఆయనదీ మోకాటి చిప్పే, నీతోపాటే కట్టు విప్పారు. “రెండెద్దుల్ని మడక్కట్టి దున్నినోణ్ణి, ఈ పలక మీద మడమ జరిపేదానికి ఏడుస్తాండాను సూడమ్మా” అంటాడు. తిడతాడు, ఏడుస్తాడు, కానీ జరుపుతాడు. నిన్నటికి మూడు వేళ్ళు దాటాడు. నువ్వు ఆయనకు తీసిపోయావా?

నీ విక్టోరియా


పుంగనూరు
12 ఏప్రిల్ 1944

ప్రియమైన చెల్లెలు విక్టోరియాకు,

ప్రభువు చేసిన మేలు రాయడానికి ఈ కాగితం చాలదు. నలభై దినాలు మన సంఘమంతా నా కోసం గొలుసు ప్రార్థన చేశారు. ఒకరు ముగించే వేళకు ఇంకొకరు మొదలుపెట్టారు, ఒక్క గంట కూడా ఖాళీ పోలేదు. పాస్టరయ్యగారి భార్య విజయమ్మగారు ఇరవై ఒక్క దినాలు ఒంటిపూట తిన్నారు. నాలాంటి దాని కోసం ఎవరు చేస్తారే ఇంత?

ఈస్టరు ఆదివారం కర్ర పట్టుకుని చర్చికి పోయాను. అయ్యగారు సాక్ష్యం చెప్పమని పిలిచారు. కర్ర పక్కన పెట్టి ఆరడుగులు నడిచి ముందుకు పోయి నిలబడ్డాను! సంపూర్ణ స్వస్థత పొందానని సాక్ష్యమిచ్చాను. జనం ఏడ్చారు, స్తోత్రం అని కేకలు వేశారు. విజయమ్మగారు నా కర్రను తీసుకుని, చూసిన ప్రతివాళ్ళకూ గుర్తుండాలని, చర్చి గోడకు మేకు కొట్టించి తగిలించారు. దాని కింద నా పేరు, తేదీ రాసిన అట్ట పెట్టారు.

నువ్విచ్చిన పలకా సుద్దముక్కా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. పెద్ద డాక్టరమ్మకు నా కృతజ్ఞతలు చెప్పు.

నీ అక్క
సారా


మదనపల్లె
21 ఏప్రిల్ 1944

బంగారు అక్కకు,

నీ ఉత్తరం చదువుతూ డ్యూటీలో ఉన్నానన్న సంగతి మరిచిపోయి వరండాలోనే ఏడ్చేశాను. సాయంత్రం ప్రార్థన అయ్యాక మగవాళ్ళ వార్డులో దాన్ని గట్టిగా చదివి వినిపించాను. అంతమంది కాళ్ళూ చేతులూ విరిగి పడివున్నచోట నాకు వేరే ప్రసంగం అవసరమే లేకపోయింది. గోవిందప్ప రెండోసారి కూడా చదివించుకున్నాడు.

అయినా నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. గీత ఎన్ని వేళ్ళు జరిగింది? ఆరడుగులు నడిచానన్నావు గాని వంచానని రాయలేదు. బిగిసిన కాలితో కూడా ఆరడుగులు నడవచ్చు. సరే, నాది అనుమానపు పీనుగ బుద్ధి. దిష్టిబొమ్మను చూసినా దాని కాలు సరిగ్గా అతుక్కుందా లేదా అని చూస్తాను.

మే నెలలో నాకు పది రోజులు సెలవు. వచ్చి నీ చేతి సంగటి తిని, మోకాలు కళ్ళారా చూసి వస్తాను.

నీ విక్టోరియా


పుంగనూరు
8 మే 1944

విక్టోరియాకు,

నువ్విప్పుడు రావద్దు. ఊళ్ళో అమ్మవారు పోసింది. కుప్పం నుంచి నా కూతురు గ్లోరీ బిడ్డను తీసుకుని వస్తానంటే దాన్నీ వద్దని రాశాను. ఎండలు తగ్గాక చూద్దాం.

నా గురించి బెంగ పెట్టుకోకు. స్వస్థత సంగతి విని పల్లెల నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు. గుమ్మంలో నిలబడి రెండు మాటలు చెప్పి పంపిస్తున్నాను. మొన్న పార్వతమ్మ అని ఒకామె కలికిరి నుంచి వచ్చింది. నడుం పట్టుకుపోయి మనిషి రెండుగా వంగిపోయింది. “నీ మోకాలు ఒగసారి తాకనీమ్మా, సాలు” అని ఏడ్చింది. తాకనిచ్చాను. ఆమె పోయాక రోజంతా తలుపు తీయలేదు.

ఈ ఎండలకు తలుపు వేసుకుని లోపల ఉంటేనే హాయిగా ఉంది. గాలి తగులుతుందని అన్నం కూడా కిటికీ దగ్గర నిలబడే తింటున్నాను. నీకు చెబితే నవ్వుతావు.

మోకాలు ఎన్ని వేళ్ళు వంగిందని అడిగావు. దేవుడు చేసిన పనికి వేళ్ళతో కొలతలేమిటే?

సారా


మదనపల్లె
5 జూన్ 1944

అక్కకు,

అమ్మవారు పోసిన ఊరికి నర్సును రావద్దన్న మనిషిని లోకంలో నిన్నే చూశాను. ఇవాళ పొద్దున మీ విజయమ్మగారు కంటి మందు కోసం ఇక్కడికి వచ్చారు. పుంగనూరులో అమ్మవారూ లేదు, ఏమీ లేదు. ఈస్టరు తరువాత ఎనిమిది ఆదివారాలు గడిచాయనీ, నువ్వు ఒక్కదానికీ చర్చికి రాలేదనీ చెప్పారు. “మా సారమ్మ ఏకాంత ప్రార్థనలో ఉండాది. ఎవురినీ సూడదు. ముఖం ఎట్ల ఎలిగిపోతాందో తెల్సునా!” అన్నారు. నేను తల ఊపాను. ఆమె పోయాక నీ ఉత్తరాలన్నీ ముందర పరుచుకుని మళ్ళీ చదివాను.

నిలబడి మేత మేసేది ఎద్దులు. నేల మీద కూర్చోగలిగిన మనిషి నిలబడి అన్నం తినదు.

ఈ ఉత్తరానికి జవాబుగా నాకు ఒక్క అంకె రాయి, ఇంకేమీ వద్దు. నేను దేవుణ్ణి కొలవమనలేదు, నీ మడమను కొలవమన్నాను.

విక్టోరియా


పుంగనూరు
14 జూన్ 1944

విక్టోరియా,

సున్నా.

నువ్వు అడిగిన అంకె అదే. మిగతాది కూడా రాస్తున్నాను, చదివి నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు.

ఇంటికి వచ్చిన కొత్తల్లో పది దినాలు చేశాను. నొప్పికి నేను పెట్టే కేకలకు పక్కింటివాళ్ళు పరుగెత్తుకుని వచ్చేవాళ్ళు. రెండు వేళ్ళు జరిగింది కూడా. ఒకరోజు ప్రార్థన వంతుకు వచ్చిన విజయమ్మగారు పలకను చూసి, “ఇంతమంది దేవుణ్ణి అడుగుతాంటే నువ్వు కాలు యాల పీక్కుంటాండావమ్మా? నమ్మకం లేదా నీకు?” అన్నారు. ఆమె ప్రేమతోనే అన్నారు. నేను మాత్రం ఆ మాట దొరికిందే చాలని పలకను మంచం కిందికి తోసేశాను. నిజం చెబుతున్నాను, ఆ నొప్పి తప్పినందుకు నాకు సంతోషమే అయింది. ఆ రెండు వేళ్ళు కూడా మళ్ళీ వెనక్కు పోయాయి.

ఈస్టరు నాడు కొంచెం మేలుగా ఉందని చెప్పాలనే లేచాను. ముందుకు పోయి తిరిగి చూస్తే వాళ్ళ ముఖాలు! నలభై దినాలు నిద్రలు చెడగొట్టుకున్నవాళ్ళు, పనికి పోయి వచ్చి వంతు తప్పకుండా మోకరించినవాళ్ళు. కొంచెం మేలు అన్న మాట నా నోట్లోంచి రాలేదు. సంపూర్ణ స్వస్థత అనేశాను. అనగానే లేచిన కేకలకు నేను కూడా ఒక్క గడియ నమ్మాను. ఇంటికి వచ్చి నేల మీద కూర్చోబోతే తెలిసింది.

అప్పటినుంచి ఈ ఇల్లే నాకు జైలు. చర్చిలో అందరూ చాపల మీద కూర్చుంటారు, ప్రార్థనకు మోకాళ్ళూనుతారు. రోగినైతే గోడకు ఆనుకుని నిలబడినా ఎవరూ ఏమీ అనరు. బాగైనదాన్ని గదా, నేనూ మోకరించాలి. అందుకే ప్రతి శనివారం నాకు జ్వరం వస్తుంది, లేదంటే ఏకాంత ప్రార్థన మొదలవుతుంది. కర్ర లేకుండా బయటికి పోతే కుంటుతానని అందరూ చూస్తారు. ఆ కర్ర చర్చి గోడ మీద ఉంది, అడిగి తెచ్చుకోలేను. పొయ్యి దగ్గర నుంచి తలుపు దాకా పదకొండు అడుగులు. గోడ పట్టుకుని పోతాను, గోడ పట్టుకుని వస్తాను. దొడ్డికి పోవడం ఎంత నరకమో నీకు నేను చెప్పక్కర్లేదు. ఎవరైనా తలుపు తడితే గుమ్మం పట్టుకుని నిలబడి నవ్వుతాను. వాళ్ళేమో నా ముఖంలో వెలుగు చూసి పోతున్నారు.

చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. చెబితే వాళ్ళ నలభై దినాల ప్రార్థనకు నేను చేసిన అవమానం ఏమని చెప్పను? ఇరవై ఏళ్ళుగా నేను తిరిగిన పల్లెల్లో ఇక నా నోటి మాట ఎవరు నమ్ముతారు? నాకు భయంగా ఉంది విక్టోరియా. ఎంత ఆలోచించినా ఒక్కటే తోస్తోంది. నోరు మూసుకుని ఈ కాలిని వదులుకుంటాను. పోతే ఒక్క మోకాలే గదా.

సారా


మదనపల్లె
22 జూన్ 1944

అక్కా,

ఒక్క మోకాలు కాదు, రెండు.

నీ దగ్గర నేను కూడా ఒకటి దాచాను. నీ ఉత్తరం చదివి వినిపించిన మరునాడు పొద్దున గోవిందప్ప పలకను నేలకేసి కొట్టాడు. “ఆయమ్మకు ఒంచకుండానే బాగైపాయ గదా. మళ్ళ నన్ను యాల సంపుతాండారు? ఆ దేవునికే నేనూ మొక్కుకుంటా” అన్నాడు. అప్పటికి ఆయన ఎనిమిది వేళ్ళు దాటాడు. ఇంకో రెండు నెలలుంటే చక్కగా గొంతుక్కూర్చునేవాడు. పెద్ద డాక్టరమ్మ నచ్చజెప్పింది, నేను కాళ్ళా వేళ్ళా పడ్డాను. వినలేదు. ఆ వారంలోనే బండి పిలిపించుకుని వెళ్ళిపోయాడు. అంతా నా పొగరు. అక్క స్వస్థతను నలుగురికీ వినిపించి మురిసిపోదామనుకున్నాను, రోగి ఏమనుకుంటాడో ఆలోచించలేదు. నీకు రాస్తే నీ సంతోషం చెడుతుందని రాయలేదు.

మే నెలలో వాళ్ళ ఊరి బడి అయ్యవారి చేత నాకు ఉత్తరం రాయించాడు. మంచం మీదే ఉన్నాడట. కాలు కొయ్యబారిపోయిందట. రోజూ స్నానం చేసి మన దేవుడికి మొక్కుకుంటున్నాడట. ‘ఆయమ్మకు ఎన్ని దినాలకు బాగైందో అడిగి రాయండి, నేను లెక్క పెట్టుకుంటాను’ అని ఉంది అందులో.

నీ జవాబు రాగానే ఆయనకు నిజం రాశాను. నమ్మలేదు. నర్సమ్మ మళ్ళీ కాలు పీకడానికే ఈ మాట కల్పించిందని తిరుగు కార్డు వేయించాడు. నా మాట ఇక చెల్లదు. ఆయన నమ్మింది నిన్ను. నిన్ను చూస్తే తప్ప నమ్మడు.

నిన్ను తిట్టాలని లేదు. ఆ ఇంట్లో నువ్వు గోడ పట్టుకుని తిరగడం తలుచుకుంటే నాకు ఏడుపే వస్తోంది. కానీ నీ కాలిని వదులుకునే హక్కు నీకున్నా, ఆయన కాలిని వదులుకునే హక్కు నీకు లేదు, నాకూ లేదు. పెద్ద డాక్టరమ్మను అడిగాను. ఆలస్యమైంది, ఇంకా కొంచెం ఆశ ఉంది, నెలలు కాదు వారాలే అంది. ఇద్దరికీ అదే మాట.

విక్టోరియా


కుప్పం
17 జూలై 1944

ప్రియమైన విక్టోరియాకు,

గ్లోరీ ఇంటి నుంచి రాస్తున్నాను. ఇక్కడ అల్లుడి బల్ల ఎత్తుగా ఉంది, నిలబడే రాస్తున్నాను. నీకు నవ్వొస్తే నవ్వు.

నీ ఉత్తరం అందాక రెండు ఆదివారాలు కూడా జ్వరం నటించాను. అది కూడా రాయాలి గదా. మూడో ఆదివారం, తొమ్మిదో తేదీన, పక్కింటివాళ్ళ గోడలు పట్టుకుంటూ చర్చికి పోయాను. ప్రార్థన అనగానే అందరూ మోకాళ్ళ మీదికి దిగారు. మధ్యలో నేనొక్కదాన్నే స్తంభంలా నిలబడి ఉన్నాను. సగం సంగతి వాళ్ళకు అప్పుడే తెలిసిపోయింది. మిగిలిన సగం నేను చెప్పాను. నాకు స్వస్థత కాలేదనీ, అబద్ధం చెప్పాననీ, నొప్పికి భయపడి పలక దాచాననీ అందరి ముందరా చెప్పాను. ఒక్కొక్కరే లేచి చాపలు చుట్టుకుని బయటికి పోయారు. తిట్టినా బాగుండేది. బయటికి వచ్చేటప్పుడు విజయమ్మగారు నా చేయి పట్టుకుని, “ఇరవై ఒక్క దినం ఒంటిపూట తింటినే సారమ్మా” అన్నారు. ఆమెకు కోపం లేదు, నిజంగానే అర్థం కాలేదు. గోడ మీది కర్ర నేనే తీసుకున్నాను.

గురువారం బయలుదేరి పలమనేరులో ఒక పూట, వి.కోటలో ఒక పూట ఆగి కుప్పం చేరాను. శనివారం అల్లుడు బండి కట్టి గుడుపల్లెకు తీసుకెళ్ళాడు.

గోవిందప్ప పంచలో మంచం మీద ఉన్నాడు. నేననుకున్నదానికంటే పెద్దవాడు, గడ్డం పెరిగిపోయింది. నేను ఫలానా అని అల్లుడు చెప్పగానే ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసి వంగి దండం పెట్టబోయింది. నా కర్ర బండిలోనే ఉండిపోయింది, గబుక్కున వెనక్కి జరగబోయి పడబోయాను. అల్లుడు పట్టుకున్నాడు. ఆ పడబోవడం చూసి గోవిందప్ప ముఖం మారింది.

“నేను ఆ సారమ్మనే. నాకు బాగుకాలేదు. అబద్ధం చెప్పినాను” అన్నాను.

ఆయన నమ్మలేదు. నువ్వు డబ్బిచ్చి ఎవరినో కుంటిదాన్ని పంపించావన్నాడు. పలక ఉందా అని అడిగాను. ధాన్యం కొలిచే చోట ఒక నున్నటి చెక్క ఉంటే ఆదిలక్ష్మమ్మ తెచ్చింది. మంచం అంచున ఆయన పక్కనే కూర్చుని చెక్క మీద కాలు చాపి మడమ వెనక్కు లాగాను. మూడు నెలల తరువాత మొదటిసారి. అరవకూడదనుకున్నాను, అరిచాను. పంచలో ఉన్న మేకలు బెదిరి లేచాయి. ఒక్క వేలు కూడా కదల్లేదు. మళ్ళీ లాగాను. చెమటకు నా రవిక తడిసిపోయింది. ఆయన నా ముఖంకేసి చూడలేదు, మోకాలినే చూస్తున్నాడు. అది ఎట్లా వణుకుతుందో ఆయనకు తెలుసు గదా. అప్పుడు నమ్మాడు.

నమ్మాక తిట్టాడు. “మూడు నెలలు! నీ మాట ఇని మూడు నెలలు పండుకుంటి. సేను బీడుపడిపాయ. ఎద్దులు కొట్టంలో కొవ్వెక్కి ఉండాయి. దేవుని పేరు సెప్పి అబద్ధమాడతావా? నువ్వు ఆడమనిషివా, ఏంది?” ఆదిలక్ష్మమ్మ ఆయన నోరు మూయబోతే నేనే వద్దన్నాను. ఎవరో ఒకరు నన్ను తిట్టాలని నేనే మూడు నెలలుగా కాచుకుని ఉన్నట్టనిపించింది. తల వంచుకుని అంతా విన్నాను. ఆయన చివరికి అలిసిపోయి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆదిలక్ష్మమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది.

మజ్జిగ సగం తాగి అడిగాడు, “ఇప్పుడు పోతే వంగుతాదా?”

విక్టోరియా, నా నాలుక నీకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఏ ఇంటి గుమ్మంలో ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా, తప్పకుండా తీరుతుందమ్మా అనే మాట నాకు సిద్ధంగా ఉంటుంది. అప్పుడు కూడా నోటి దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టుకున్నాను.

“నాకు తెల్దప్పా. డాక్టరమ్మ కొంచెం ఆశ ఉందంది. నాకైతే తెల్దు” అన్నాను.

ఆయన మజ్జిగ చెంబు కింద పెట్టాడు. “వంగుతాదని సెప్పింటే బండి తిప్పుకుని పొమ్మనేవాణ్ణి. తెల్దంటాండావు. సరే, వస్తా” అన్నాడు. ఆదిలక్ష్మమ్మను కేకేసి దుప్పటి సర్దమన్నాడు.

గురువారం ఇద్దరం నీ దగ్గరికి వస్తున్నాం. వార్డులో చోటు చూసి పెట్టు. నాది వంగుతుందో లేదో, ఆయనది వంగుతుందో లేదో నిజంగానే నాకు తెలియదు. నాకు తెలియదని ఒక మనిషికి చెప్పి నా వెంట తీసుకురావడం, ఇన్నేళ్ళ నా పనిలో ఇదే మొదటిసారి.

నీ అక్క
సారా